మునకలు చాలు, ఈత నేర్పండి

రాజమండ్రిలో పిల్లాడు పదో తరగతి దాటేసరికి త్రికోణమితి వస్తుంది, ఐఐటీ ఫౌండేషన్ కోర్సు కూడా అయిపోతుంది. ఈత మాత్రం రాదు. మేడెక్కితే గోదారి కనబడే ఇంట్లో పుట్టినా రాదు. సెలవులొస్తే వాణ్ని కారెక్కించుకుని ఏదో రిసార్టుకి తీసుకెళ్తారు. తలకింతని టిక్కెట్టు కొని, మోకాటిలోతు నీలం తొట్టిలో, క్లోరిన్ కంపులో ఆడిస్తారు. ఇదేం రోగమండీ మనకి?

పాపాలు కడుక్కోవాలంటే గోదారి కావాలి. అస్థికలు కలపాలన్నా గోదారే. ఆడుకోవడానికి మాత్రం పనికిరాదు! రైలు వంతెన మీదికి రాగానే రూపాయి బిళ్ల విసిరి దండం పెట్టుకుంటాం. వారం నాటి పూజ పూలు క్యారీబ్యాగులో మూటగట్టి, ముడైనా విప్పకుండా రోడ్డు వంతెన మీంచి గిరాటేసేదీ మనమే. నోరారా తల్లీ అంటాం, ఊరి మురుగంతా నల్లా ఛానల్‌లోంచి, ఆవ ఛానల్‌లోంచి ఆ తల్లి మీదికే వదులుతాం. ఇంత భక్తి లేకపోయినా బాగుండేది.

ఇక సర్కారు వారి లెక్క ప్రకారం నది ఉండేది పన్నెండేళ్లకోసారి, పుష్కరాల పన్నెండు రోజులు. అప్పుడు ఘాట్లకి టైల్స్, లైట్లు, రంగులు. మెట్లమీద వరసగా గజ ఈతగాళ్లు. పదమూడో రోజుకి వాళ్లుండరు. 2015 జూలై 14న, పుష్కరాలు మొదలైన పొద్దునే, పుష్కర ఘాట్ దగ్గర పాతికమందికి పైగా పోయారు. నీళ్లలో పడి కాదు, సాటి మనుషుల కాళ్ల కింద పడి. ఇంత పొడవు గట్టున్న ఊళ్లో జనమంతా ఒకే ఘాటు మీద, ఒకే ముహూర్తానికి ఎగబడ్డారంటే, నదిని రోజూ వాడుకునే తీరు మనకి ఎవరూ నేర్పలేదన్నమాట.

హేవలాక్ వంతెన సంగతే చూడండి. 1900లో దాని మీద రైళ్లు మొదలయ్యాయి, 1997లో ఆగాయి. మూడు కిలోమీటర్లకి కాస్త తక్కువ. కింద అఖండ గోదావరి, మీద ఆకాశం, హారన్ కొట్టే బండి ఒక్కటీ లేదు. సాయంత్రం నడకకి ఇంతకన్నా ఏం కావాలి? మనం పాతికేళ్లకి పైగా తుప్పు పట్టనిచ్చాం. 2025లో అఖండ గోదావరి టూరిజం ప్రాజెక్టుకి శంకుస్థాపన చేశారు, ఈ వంతెనా అందులో ఉంది. అది పూర్తికాదేమోనని కాదు నా భయం. పూర్తయ్యాక గేటు పెట్టి టిక్కెట్టు కొడతారేమోనని.

గోదారి ప్రమాదం కదండీ అంటారు. ఎవరు కాదన్నారు? ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకి ఎగరేస్తారు. వరద రోజుల్లో ఎవరూ దిగకూడదు, పడవా కదలకూడదు. కచ్చులూరు దగ్గర 2019 సెప్టెంబరులో బోటు మునిగింది వరద గోదారిలోనే. మరి వరద తీసిన తర్వాత నెలల తరబడి ధవళేశ్వరం బ్యారేజీ వెనక నిండుగా, నెమ్మదిగా ఉండే నీళ్ల మాటేమిటి? 'ఇచట లోతు ఎక్కువ, స్నానం చేయరాదు' అని బోర్డు పాతి చేతులు దులుపుకుంటే సరా? ఆ బోర్డు పక్కనించే కుర్రాళ్లు దిగుతారు, ఇసుక తవ్విన గుంటల్లో కాలు జారి పోతారు. మర్నాడు పేపర్లో ఫొటో, ఆ పై వారం ఇంకో బోర్డు. ఇసుక లారీ దిగడానికి ర్యాంపు వేశారు గానీ, పిల్లాడు భయం లేకుండా దిగడానికి నాలుగు మెట్ల చోటు కేటాయించలేకపోయారు.

నేర్పేవాళ్లు లేరా? లంకల్లో, జాలరి పేటల్లో బోలెడుమంది. నది సుడి ఎక్కడుందో, ఊబి ఎక్కడుందో వాళ్లకి తెలిసినట్టు ఏ ఇంజనీరుకీ తెలియదు. పన్నెండు రోజుల కూలికి పిలిచే ఆ మనుషుల్నే ఏడాదంతా జీతమిచ్చి ఎందుకు పెట్టుకోరు?

2027 పుష్కరాలకి కోట్లు రాబోతున్నాయి. అందులో ముందు మురుగు ఆపించండి. ఆ తర్వాత ఒక్కటంటే ఒక్క ఘాటు ఈతకి వదలండి: తాడు కట్టి, తేలే పీపాలు వేసి, గజ ఈతగాళ్లని పెట్టి, ఆడపిల్లలకి వేరే వేళలిచ్చి, పైసా తీసుకోకుండా. వంతెన మీద నడవడానికి డబ్బులడిగితే ఒప్పుకోకండి. ఓటడగడానికి వచ్చినవాణ్ని గుమ్మంలోనే నిలబెట్టి ఈ మాట అడగండి. అడక్కపోతే ఇంకో సెల్ఫీ పాయింటు కట్టి మన మొహాన కొడతారు.