“నలుగురున్నారు గదా!”

దారికి ముందు తోడును వెదకుకొనవలెనని అరబ్బీలో ఒక నానుడి కలదు. ఉర్దూవారు ‘సఫర్ వసీలా-ఎ-జఫర్’ అని ప్రయాణాన్ని విజయసాధనంగా కీర్తించారు. మన హైదరాబాదు యువకులు ఈ రెండింటినీ ఏకకాలంలో పాటిస్తున్నారు. ఉద్యోగానికి గాని, విహారానికి గాని, ఉమ్రాకు గాని సముద్రం దాటవలసివస్తే ఒంటరిగా కదిలేవారు తక్కువ. ఒకే వీధిలో పెరిగిన నలుగురు మిత్రులు జట్టుకట్టి బయలుదేరుతారు. ఈ జట్టును గూర్చి నాలుగు మాటలు మన విద్యార్థి మిత్రులతో చెప్పదలచాను.

2008 మార్చి 23న విమానాల రాకపోకలు బేగంపేట నుండి శంషాబాదుకు మారినవి గాని సాగనంపే ఆచారం మారలేదు. నేటికీ ఒక్కడు ప్రయాణమైతే ఒక వ్యానెడు బంధువులు వస్తారు. తల్లి కుమారుని కుడి భుజానికి ఇమామ్ జామిన్ కడుతుంది; నాణెం లోపల ఉన్నదో లేదోనని ఒకసారి తడిమి చూసుకుంటుంది. మామయ్యలు హితబోధ చేస్తారు. చివరకు అందరినీ ఓదార్చే మాట ఒకటే: “నలుగురున్నారు గదా!” ఆ మాటలో ఎంత సత్యమున్నదో అంత ప్రమాదమున్నది.

సత్యం సంగతి ముందు చూద్దాం. 1892లో మౌలానా శిబ్లీ నోమానీ అలీగఢ్ నుండి తుర్కీ, సిరియా, ఈజిప్టు దేశాల యాత్రకు వెళ్ళినప్పుడు, స్వదేశానికి పోతున్న సహాధ్యాపకుడు థామస్ ఆర్నాల్డ్ ఓడలో ఆయనకు తోడైనాడు. అనంతరకాలంలో ఇక్బాలుకు గురువైనది ఈ ఆర్నాల్డే. నడిసముద్రంలో ఓడ యంత్రం చెడింది. శిబ్లీ కంగారుపడి మిత్రుని వద్దకు పరుగెత్తితే ఆయన నిశ్చింతగా పుస్తకం చదువుకుంటున్నాడు. ఓడ మునగవలసియే ఉంటే మిగిలిన ఈ కొద్దిసేపు మరింత విలువైనది గదా అని ఆయన సమాధానం. శిబ్లీ తన యాత్రాగ్రంథంలో ఈ ఘట్టాన్ని మరువక వ్రాసుకున్నారు. తోడంటే అది! ఒకరిలో లేనిది మరొకరిలో ఉండాలి. ఒకే భయం గల నలుగురు కూడితే భయం నాలుగింతలగును.

ఇక ప్రమాదం. నలుగురు మిత్రులు ఒకే ఏజెంటు ద్వారా గల్ఫు ఉద్యోగానికి ఒప్పుకుంటారు. ఒప్పందపత్రాన్ని రెండవవాడు చదివి ఉంటాడని మొదటివాడు, మూడవవాడు చదివి ఉంటాడని రెండవవాడు నమ్ముతారు. నాలుగు సంతకాలు పడతాయి. కాగితం మాత్రం ఎవరూ చదవరు. ఒంటరివాడైతే భయంతోనైనా చదివేవాడు! 1983 నాటి వలస చట్టం క్రింద పదవ తరగతి గట్టెక్కనివారు గల్ఫు దేశాలకు కొలువుకు పోవాలంటే ప్రభుత్వ అనుమతి పొందాలి. ఉత్తీర్ణులకు ఆ అవసరం లేదు. అనగా చదువురాని కూలీ కాగితాన్ని ఒక అధికారి అయినా చూస్తాడు, బి.కాం. చదివిన మన విద్యార్థి కాగితాన్ని చూడవలసినవాడు అతడొక్కడే. లైసెన్సు గల ఏజెంటు తీసుకోదగిన రుసుము 30,000 రూపాయలు, దానిపై పన్ను మాత్రమేనని ఎందరికి తెలుసు? విజిట్ వీసాపై పంపి అక్కడ కొలువు ఇప్పిస్తామనే మాట నలుగురిలో ఒక్కడికైనా అనుమానం కలిగించవద్దా? అక్కడ దిగిన తరువాత ఒకరిని దమ్మాముకు, మరొకరిని తబూకుకు పంపితే, సౌదీ దేశపు తూర్పు తీరాన ఒకడు, వాయవ్యమూలన ఒకడు! జట్టు విమానం తలుపు దగ్గరే ముగుస్తుంది.

ఈ విషయంలో మన స్త్రీలు మేలనిపిస్తుంది. కొడుకులైతే “నలుగురున్నారు గదా” అనే పెద్దలు కూతుళ్ళ విషయంలో “నలుగురే గదా” అంటారు. అయినను 2018లో, నలభైయైదేళ్ళు దాటిన స్త్రీలు కనీసం నలుగురు జట్టుగా ఉంటే మహ్రం తోడు లేకుండా హజ్‌కు దరఖాస్తు చేసుకోవచ్చునని భారత ప్రభుత్వం వీలు కల్పించింది. వందలాది మంది ముందుకు వచ్చారు. అక్కడ నలుగురు అనే సంఖ్య ఓదార్పు మాట కాదు, షరతు; ఎవరి దరఖాస్తు, ఎవరి పాస్‌పోర్టు వారు చూసుకొని వెళ్ళినవారు.

విహారయాత్రికుల గురించి ఎక్కువ చెప్పను. దుబాయి వెళ్ళి దక్కనీలోనే మాట్లాడుకొని, ఇరానీ చాయ్ వెదకి త్రాగి, ఒకరి ఫోటో ఒకరు తీసుకొని తిరిగివచ్చుటకు అంత డబ్బు ఎందుకో నాకు అంతుపట్టదు. చార్మినారు వద్ద ఇదంతా ఒక సాయంత్రం పని.

ఈ యేడు పట్టా పుచ్చుకొని బయలుదేరదలచిన విద్యార్థులు ఒప్పందపత్రం చేతబట్టుకొని స్టాఫ్ రూముకు రావచ్చును. ఆంగ్లంలో ఉన్నదానిని తెలుగులోనో ఉర్దూలోనో చదివి వివరించుటకు మేము సిద్ధంగా ఉన్నాము. అయితే నలుగురూ కలసి రావద్దు. ఒక్కొక్కరే రండి.