ఆ జిప్పు ఎవరు లాగమన్నారు?

మా పేట వదిన ఒకామె సర్కారు ఆసుపత్రిలో కాంట్రాక్టు పారిశుధ్య కార్మికురాలు. 2021 మే నెలలో, కరోనా రెండోసారి ముమ్మరంగా ఉన్నప్పుడు, శవాల్ని సంచుల్లో పెట్టే పని ఆమె మీద వేశారు. ఆ పనికి ఎవర్ని పెడతారో మీకు నేను చెప్పాలా? ఒకరోజు ఓ పిల్ల వచ్చి ఆమె కాళ్లు పట్టుకుంది. "మా నాన్న మొహం ఒక్కసారి చూపించమ్మా" అని. పైనోళ్లు చూపించొద్దన్నారు. వదిన జిప్పు లాగేసింది.

ఇప్పటికీ రాత్రిళ్లు లేచి కూచుంటది. ఎవరో గాలి సోకిందన్నారు. ఆసుపత్రిలో నిద్రమాత్రలిచ్చారు. మాత్రలు వద్దనను, మనిషి కాస్త నిద్రపోవాల గదా. కానీ ఇది గాలీ కాదు, పిచ్చీ కాదు. వియత్నాం యుద్ధం చేసొచ్చిన సిపాయిలకు వైద్యం చేసిన జొనాథన్ షే అనే అమెరికా డాక్టరు 1990లలో దీన్ని నైతిక గాయం అన్నాడు. ప్రాణాల మీదికొచ్చిన వేళ, అధికారంలో ఉన్నవాడే న్యాయం తప్పితే, కిందోడి మనసుకు తగిలే దెబ్బ అది. భయం వేరు, ఇది వేరు. తప్పని తెలిసీ తన చేత్తో చెయ్యాల్సి రావడం ఇది.

కేంద్ర ఆరోగ్యశాఖ 2020 మార్చిలో శవాల గురించి ఇచ్చిన కాగితం తెప్పించి చదివాను. ముట్టుకోవద్దు, స్నానం చేయించొద్దు అని ఉంది. సిబ్బంది జాగ్రత్తలు తీసుకుని, సంచి మొహం దగ్గర తెరిచి, అయినవాళ్లకు ఆఖరిసారి చూపించొచ్చనీ ఉంది! ఇంగ్లీషులో ఉంది. వదినకు ఎవడూ చదివి చెప్పలేదు. నేను చెప్పాలా వద్దా అని వారం రోజులు కొట్టుకున్నాను. చెప్పాను. "అయితే చూపించొచ్చా, మేస్టారూ?" అంది. అంతే. మళ్లీ మాట్లాడలేదు.

ఎదురడగొచ్చు గదా అనేవాళ్లున్నారు. నర్సీపట్నం ఆసుపత్రిలో మత్తు డాక్టరు సుధాకర్ గారు, దళితుడు, అడిగాడు. 2020 ఏప్రిల్‌లో మాస్కులు చాలడం లేదన్నాడు. సస్పెండు చేశారు. మే 16న విశాఖ నడిరోడ్డు మీద పోలీసులు చొక్కా లేని మనిషిని చేతులు వెనక్కి కట్టి లాక్కెళ్లారు, పిచ్చాసుపత్రిలో వేశారు. తాగి గొడవ చేశాడని పోలీసుల మాట. హైకోర్టు సీబీఐ విచారణ వేసింది. 2021 మే 21న ఆయన గుండె ఆగి చనిపోయాడు. డాక్టరుకే ఆ గతి పడితే, నెల జీతానికి మేస్త్రీ మొహం చూసే వదిన నోరెత్తుతుందా?

2020 మార్చి 22న వీళ్లకోసం దేశమంతా చప్పట్లు కొట్టింది. మా పేటలో మేమూ కొట్టాం, దాచేదేముంది.

కార్యకర్తలకు ఒక మాట. మీ మండలంలో ఆయాల్ని, స్వీపర్లని, నర్సుల్ని, ఆశా అక్కల్ని కలవండి. సలహాలు చెప్పకండి, ముందు వినండి. ఏ రోజు, ఏ పని, ఎవరు చెయ్యమన్నారు, రాసుకోండి. వాళ్లు ఒప్పుకుంటేనే పేరు రాయండి. నోటిమాట ఆర్డర్లు కుదరవని, ప్రతి ఉత్తర్వూ తెలుగులో వార్డు గోడకు అంటించాలని కలెక్టరుకి అర్జీ పెడదాం. వదిన సంగతి మొదటి కాగితంగా నేనిస్తాను. ఆమె సరేనంది.