ఏ పొగ మేలు? బీడీల సీమలో తెగని వాదన

కరీంనగర్, ఆదిలాబాద్: ఇంటింటా బీడీలు చుట్టే ఊళ్లలో ఇప్పుడు పొగ గురించి ఒక కొత్త వాదన సాగుతున్నది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు పోయినవారిలో కొందరు సెలవు మీద ఇంటికి వచ్చేటప్పుడు సెంటు సీసాలతో పాటు పెన్ను మాదిరి వుండే ఎలక్ట్రానిక్ సిగరెట్టును కూడా వెంట తెస్తున్నారు. హోటలు బల్ల దగ్గర, బస్టాండు చెట్టు కింద అది చేతులు మారుతున్నది. అగ్గి లేదు, బూడిద లేదు, వాసన కూడా పండ్ల వాసనే. కాబట్టి ఇది ఆరోగ్యానికి హాని చేయదని తెచ్చినవారి వాదన. ఎన్నడూ చూడని మందు నీళ్ల ఆవిరి కంటే అడవి ఆకులో చుట్టిన బీడీయే నయమని పెద్దవారి జవాబు. ఫిల్టరు సిగరెట్టు తాగేవారు ఇద్దరినీ చూసి నవ్వుతున్నారు. ఇక తంబాకు నమిలేవారికైతే అసలు పొగే లేదు కదా అన్న ధీమా వుండనే వున్నది.

ఎవరి అలవాటును వారు సమర్థించుకోవడం లోక సహజం. అయితే ఈ వాదనలో ఎవరి మాటలో ఎంత నిజం వున్నదో విచారించడం అవసరం. ఎందుకంటే ఓడినా గెలిచినా నష్టపోయేది వాదించేవారి గుండె, ఊపిరితిత్తులే.

బీడీ వాదన

బీడీ తాగేవారి వాదనకు మూలం తునికాకు. ఆదిలాబాద్ అడవుల్లో ఎండాకాలం కోసి, కట్టలు కట్టి, కల్లాల్లో ఆరబోసిన ఆకు అది. సిగరెట్టుకు వాడే కాగితం వంటిది కాదు. పైగా ఒక సిగరెట్టులో సుమారు ముప్పాతిక గ్రాము పొగాకు వుంటే, బీడీలో వుండేది గ్రాములో 5వ వంతు మాత్రమే. ఇంత తక్కువ పొగాకు ఏం చేస్తుందన్నది వారి ప్రశ్న.

ఇక్కడే చిక్కు వున్నది. తునికాకులో గాలి ఆడదు. అందుచేత బీడీ మాటిమాటికీ ఆరిపోతుంది. ఆరకుండా వుండాలంటే గట్టిగా, త్వరత్వరగా దమ్ము లాగాలి. అలా లాగిన పొగ ఊపిరితిత్తుల లోతుకు పోతుంది. పొగాకు తక్కువైనా తారు, నికోటిన్, కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు సిగరెట్టుకు తీసిపోకుండా లోనికి చేరుతున్నట్లు పరీక్షల్లో తేలింది. ఆకు అడవిదే కావచ్చు. కాలిన తరువాత ఏ ఆకు పొగైనా పొగే. కట్టెల పొయ్యి ముందు కూర్చున్న ఇల్లాలి కళ్లను అడిగినా ఆ సంగతి చెబుతాయి.

బీడీ, సిగరెట్టులలో ఏది ఎక్కువ చెరుపన్న విషయంలో పరిశోధకుల లెక్కలు కూడా ఒక్క తీరుగా లేవు. ముంబై నగరంలో వేలాది మందిని ఏళ్ల తరబడి గమనించి 2005లో వెల్లడించిన అధ్యయనం ప్రకారం, పొగ తాగని మగవారితో పోలిస్తే సిగరెట్టు తాగేవారిలో మరణాలు 37 శాతం, బీడీ తాగేవారిలో 64 శాతం ఎక్కువగా వున్నవి. దేశమంతటా 11 లక్షల ఇండ్లను చుట్టి వచ్చి 2008లో ప్రకటించిన మరొక అధ్యయనం, సిగరెట్టు తాగే మగవారు సగటున 10 ఏండ్ల ఆయుష్షును, బీడీ తాగే మగవారు 6 ఏండ్లను, బీడీ తాగే ఆడవారు 8 ఏండ్లను పోగొట్టుకుంటున్నారని చెప్పింది. ఒకదానిలో బీడీ ముందున్నది, మరొకదానిలో సిగరెట్టు ముందున్నది. కాని బీడీ వల్ల నష్టం లేదని రెండింటిలో ఏదీ చెప్పలేదన్నది గమనార్హం.

కొత్త గొట్టం సంగతి

ఎలక్ట్రానిక్ సిగరెట్టును ఇప్పటి రూపంలో 2003లో తయారు చేసినవాడు హాన్ లిక్ అనే చైనా దేశపు మందుల నిపుణుడు. ఆయన కూడా పొగ తాగేవాడే. తండ్రి ఊపిరితిత్తుల క్యాన్సరుతో మరణించాడు. పొగ లేకుండా నికోటిన్ ఇవ్వవచ్చునన్న ఆలోచన అక్కడి నుంచి వచ్చింది. గొట్టంలో ఒక చిన్న బ్యాటరీ, ఒక తీగచుట్ట, కొంత ద్రవం వుంటవి. తీగ వేడెక్కి ద్రవాన్ని ఆవిరి చేస్తుంది. ఆ ద్రవంలో గ్లిజరిన్, ప్రొపిలిన్ గ్లైకాల్, వాసన ద్రవ్యాలతో పాటు చాలావాటిలో నికోటిన్ వుంటుంది.

ఇందులో పొగాకు కాలదు గనుక తారు వుండదు, కార్బన్ మోనాక్సైడ్ వాయువు బహు స్వల్పం. దీనివల్ల హాని సిగరెట్టు కంటే 95 శాతం తక్కువని ఇంగ్లండు ప్రజారోగ్య సంస్థ 2015లో అంచనా వేసింది. ఆ లెక్కకు తగిన ఆధారం చాలదని ఇతర వైద్యులు కొందరు ఆక్షేపించారు. అయినా సిగరెట్టు మానదలచినవారికి దీనిని ఇవ్వడాన్ని ఆ దేశం సమర్థిస్తూనే వచ్చింది. ఆ దేశమే మళ్లీ, పిల్లల చేతుల్లోకి పోతున్నవన్న ఆందోళన పెరగడంతో ఒకసారి వాడి పారేసే రకాల అమ్మకాన్ని 2025 జూన్ నుంచి నిషేధించింది.

అమెరికాలో 2019లో జరిగింది వేరు. ఈ గొట్టాలు పీల్చినవారిలో ఊపిరితిత్తులు దెబ్బతిని 2020 ఫిబ్రవరి నాటికి 2,800 మందికి పైగా ఆస్పత్రుల పాలయ్యారు. 68 మంది మరణించారు. గంజాయి సారాన్ని ఆవిరిగా పీల్చడానికి దొంగచాటుగా అమ్మిన ద్రవాల్లో కలిపిన విటమిన్ ఇ నూనె పదార్థమే చాలా కేసుల్లో కారణమని తరువాత తేలింది. అంటే గొట్టమంతా విషమని చెప్పడానికి ఆ మరణాలు రుజువు కావు. అలాగని ధైర్యపడడానికీ వీలు లేదు. ఎక్కడ తయారయిందో, ఏమి కలిపారో తెలియని ద్రవాన్ని ఊపిరితిత్తుల్లోకి పంపితే ఏమవుతుందో ఆ సంఘటన చూపింది. నిషేధం వున్న మన దేశంలో చాటుమాటుగా చేతికి వచ్చేది అటువంటి సరుకే. సీసా మీద రాసింది నిజమో కాదో పరీక్షించే నాథుడు లేడు.

పాత పాటే

ఇటువంటి భరోసా రావడం ఇది మొదటిసారి కాదు. సిగరెట్టుతో క్యాన్సరు వస్తుందని 1950 ప్రాంతంలో పరిశోధనలు వెలువడినప్పుడు కంపెనీలు ఫిల్టరును ముందుకు తెచ్చాయి. ఆ తరువాత తారు తక్కువ వున్న తేలిక సిగరెట్టులు వచ్చాయి. తాగేవారు మరింత గట్టిగా దమ్ము లాగి తమకు కావలసిన నికోటిన్‌ను రాబట్టుకున్నారు. జబ్బులు తగ్గలేదు. చివరకు ప్యాకెట్టు మీద తేలిక అన్న మాటనే అమెరికా 2010లో నిషేధించవలసి వచ్చింది.

మనిషి వెతికేది పొగను కాదు, నికోటిన్‌ను. దీనికి గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి బొగ్గు గనులే సాక్ష్యం. భూగర్భ గనుల్లో మండే వాయువు భయం వల్ల బీడీ, అగ్గిపెట్టె లోపలికి తీసుకుపోవడం నిషిద్ధం. పైన బీడీ తాగే కార్మికుడు లోపల తంబాకు దవడన పెట్టుకుంటాడు. ఊపిరితిత్తులకు తప్పిన గండం నోటికి వస్తుంది. నోటి క్యాన్సరుతో హైదరాబాదు ఎం.ఎన్.జె. ఆస్పత్రికి పోయేవారిలో పొగ లేని తంబాకును నమ్ముకున్నవారు ఎందరో. 2016-17లో జరిగిన దేశవ్యాప్త సర్వేలో పొగ తాగేవారు 10.7 శాతం వుంటే, పొగ లేని పొగాకు వాడేవారు 21.4 శాతం వున్నారు. తెలంగాణలో ఏదో ఒక రూపంలో పొగాకు వాడే పెద్దలు 17.8 శాతమని అదే సర్వే తెలిపింది.

వాదనలో తరచు వినిపించే మరొక మాట, రోజుకు ఒక్కటే కదా అన్నది. రోజుకు 20 సిగరెట్లు తాగేవానికి గుండెజబ్బు ముప్పు ఎంత పెరుగుతుందో, ఒక్కటి తాగేవానికి అందులో సుమారు సగం పెరుగుతుందని 2018లో వెలువడిన పరిశీలన చెబుతున్నది. 20లో 1 వంతు తాగితే 20లో 1 వంతు ముప్పు అన్న లెక్క గుండె దగ్గర చెల్లదు. ఇంట్లో బీడీ, బయట ఎలక్ట్రానిక్ గొట్టం వాడుతూ తగ్గించానని సంతోషించేవారికి కూడా ఇదే వర్తిస్తుంది. బీడీని పూర్తిగా వదిలితేనే లాభం.

చట్టం ఏమంటున్నది?

ఎలక్ట్రానిక్ సిగరెట్లను నిషేధిస్తూ కేంద్ర ప్రభుత్వం 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సు తెచ్చింది. డిసెంబరులో అది చట్టమయింది. తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, ప్రకటనలు అన్నీ నేరమే. మొదటిసారి పట్టుబడితే ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే 3 ఏండ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. నిల్వ వుంచితే 6 నెలల వరకు జైలు లేదా 50 వేల వరకు జరిమానా, లేదా రెండూ. దుబాయిలో ఇది దుకాణంలో బహిరంగంగా దొరుకుతుంది. ఎమిరేట్సు ప్రభుత్వం 2019లోనే అమ్మకానికి అనుమతి ఇచ్చింది. అక్కడ కొనడం తప్పు కాదు గనుక ఇక్కడికి తేవడం కూడా తప్పు కాదని వలస కార్మికులు అనుకోవడం సహజం. సామానులో పెట్టుకుని వస్తే అది దిగుమతి కిందికే వస్తుందన్న సంగతి వారికి ముందుగా చెప్పేవారు లేరు.

కాగా, తక్కువ హాని అని కొందరు వైద్యులైనా చెప్పేదాన్ని నిషేధించి, నిశ్చయంగా చంపే బీడీని, సిగరెట్టును కిళ్లీ కొట్టులో వుంచడం ఏమి న్యాయమని ఆ గొట్టం వాడేవారు అడుగుతున్నారు. ఈ ప్రశ్నను తేలికగా తోసివేయడానికి లేదు. పిల్లలకు కొత్త వ్యసనం అంటకుండా మొదట్లోనే ఆపామన్నది ప్రభుత్వం చెప్పే కారణం. అది సబబే. కాని పాత వ్యసనం విషయంలో అంత పట్టుదల కానరాదు. జి.ఎస్.టి. మండలి 2025 సెప్టెంబరులో బీడీల మీద పన్నును 28 నుంచి 18 శాతానికి, తునికాకు మీద 18 నుంచి 5 శాతానికి తగ్గించాలని నిర్ణయించింది. సిగరెట్టుకు మాత్రం 40 శాతం ఖరారు చేసింది.

చాట ముందు కూర్చున్నవారు

ఈ తేడాకు కారణం మన ఊళ్లలోనే వున్నది. సిరిసిల్ల, కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ ప్రాంతాల్లో వేలాది ఇండ్లు ఆడవారు చుట్టే బీడీల మీద నడుస్తున్నవి. భర్త గల్ఫ్‌లో వున్నా, వాన లేక పంట పోయినా, పొయ్యి మీద కుండ పెట్టేది ఆ చాటే. ప్యాకెట్టు మీద 85 శాతం మేర భయపెట్టే బొమ్మ వేయాలన్న నిబంధన 2016 ఏప్రిల్‌లో వచ్చినప్పుడు యాజమాన్యాలు వ్యతిరేకించినవి కూడా కూలీల పేరు చెప్పే. ఆ కూలీలు కూర్చుండి కూర్చుండి నడుములు పట్టేసి, తంబాకు దుమ్ము పీల్చి దగ్గుతున్నారు. ఒక్క దమ్ము లాగకుండానే పొగాకు వారి ఒంట్లోకి పోతున్నది. చంటిపిల్లలు కూడా ఆ చాట పక్కనే నిద్రపోతారు.

మగవారు బీడీ మానాలని కోరడం, ఆడవారికి బీడీ పని పోకూడదని కోరడం, ఈ రెండూ ఒకే ఇంట్లో వుండే కోరికలు. ఈ ముడిని ఆ ఇల్లు ఒక్కటే విప్పుకోలేదు. రాష్ట్ర ప్రభుత్వం బీడీ కార్మికులకు 2019 నుంచి నెలకు 2,016 రూపాయల చొప్పున భృతి ఇవ్వడం కొంత ఊరటే. అయితే భృతి మరొక పని కాజాలదు. వేరే పని చూపకుండా బీడీని తిట్టడం ఎంత అన్యాయమో, కూలీల పేరు చెప్పి బీడీ మంచిదనడం అంతకు తక్కువ అన్యాయం కాదు.

చేయవలసింది

మానడం చేతకాదని వాదించేవారు కూడా తెలుసుకోవలసిన లెక్క ఒకటి వున్నది. బ్రిటన్‌లో సిగరెట్టు తాగే వైద్యులను 50 ఏండ్ల పాటు గమనించి 2004లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, 60 ఏట మానినవారు సుమారు 3 ఏండ్లు, 50 ఏట మానినవారు 6 ఏండ్లు, 40 ఏట మానినవారు 9 ఏండ్లు ఆయుష్షు రాబట్టుకున్నారు. 30 ఏట మానినవారికి దాదాపు నష్టమే లేదు. ఈ వయసులో మాని ఏం లాభమన్న మాట ఏ వయసులోనూ నిజం కాదు.

పొగ తాగేవారికి క్షయ సోకే ముప్పు రెండింతలకు పైగా వుంటుంది. రెండు వారాలు దాటిన దగ్గును బీడీ దగ్గని సరిపెట్టుకోకుండా సర్కారు దవాఖానాలో గళ్ల పరీక్ష చేయించుకోవాలి. ఆ పరీక్షకు పైసా ఖర్చు లేదు. మానదలచినవారికి సలహా ఇచ్చే 1800-11-2356 నంబరుకు కూడా ఫోను ఖర్చు లేదు. నికోటిన్‌ను కొద్దికొద్దిగా తగ్గించే చూయింగ్ గమ్ మందుల దుకాణాల్లో దొరుకుతుంది. అయితే రోజుకు ఒక కట్ట బీడీలతో సరిపెట్టుకునే కూలీకి దాని ధర భారమే. దానిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇచ్చి, వాడే తీరు చెప్పే మనిషిని పెడితే, గల్ఫ్ నుంచి గొట్టం తెప్పించుకోవలసిన అవసరం ఎవరికీ వుండదు.

ఏ పొగ మేలన్న వాదన ఈ ఏడాదితో తెగేది కాదు. బీడీ, సిగరెట్టు, గొట్టం, తంబాకులలో ఒకదాని కంటే ఒకటి తక్కువ చెరుపు కావచ్చు. కాని ఏదీ ముట్టనివాని కంటే మేలుగా వున్నవాడు ఆ నలుగురిలో ఎవడూ లేడు. వాదించేవారు ఈ మాట ఒప్పుకోవాలి. మానదలచినవారికి మందు, చుట్టేవారికి మరొక పని చూపే బాధ్యతను వైద్య, కార్మిక శాఖల అధికారులు ఇప్పటికైనా తలకెత్తుకోవాలి.