నిమ్మకాయా, రబ్బరు టైరా?

విజయదశమి వచ్చిందంటే మన దేశంలో లారీకీ, లేతు మిషనుకీ, రైలింజనుకీ ఒకటే మర్యాద. పసుపు, కుంకుమ, పూలదండ, చక్రాల కింద నిమ్మకాయలు. హేతువాదులం ఏటా దీన్ని విమర్శిస్తూ ఓ వ్యాసం రాస్తాం, ఓ సభ పెడతాం. విమర్శ న్యాయమైనదే. అయితే నిమ్మకాయ తీసేసి ఆ స్థానంలో మనం ఏం పెడుతున్నాం? "సైన్సును నమ్మండి" అనే మాట పెడుతున్నాం. ఒక నమ్మకం లేచిన పీట మీద ఇంకో నమ్మకాన్ని కూర్చోబెట్టడమే ఇది. కావలసింది కారణాన్ని వెతికి పట్టుకునే అలవాటు. ఆ అలవాటు నేర్పడానికి ఉపన్యాసం కన్నా బాగా పనికొచ్చే వస్తువు ఒకటుంది. అది టైరు అరిగిపోయిన బొమ్మ రైలింజను.

బొమ్మ అన్నానని తేలిగ్గా తీసుకోకండి. జర్మనీలో మార్క్‌లిన్, ఇంగ్లండులో హార్న్‌బీ వంటి కంపెనీల పేర్లతో తరతరాలుగా వస్తున్న నమూనా రైళ్ళివి. పుణేలో ఇలాంటి చిన్న రైళ్ళకే ఒక మ్యూజియం 1998లో తెరిచారు. బాగా వ్యాప్తిలో ఉన్న హెచ్‌ఓ కొలతలో ఇంజను అసలు దానిలో 87వ వంతు ఉంటుంది. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. చాలా ఇంజన్లలో కొన్ని చక్రాల చుట్టూ సన్నని గాడి తీసి అందులో రబ్బరు వలయం తొడుగుతారు. దాన్నే ట్రాక్షన్ టైరు అంటారు. ఉక్కు చక్రం కన్నా రబ్బరు పట్టాను గట్టిగా పట్టుకుంటుంది. మరి అన్ని చక్రాలకూ ఎందుకు తొడగరు? ఇంజను సాధారణంగా కరెంటు తీసుకునేది చక్రాల ద్వారానే. రబ్బరు కరెంటును పోనివ్వదు.

ఏళ్ళు గడిచేసరికి ఆ రబ్బరు గట్టిపడుతుంది, పగుళ్ళిస్తుంది, నూనె తగిలితే ఉబ్బి వదులవుతుంది. అప్పుడు ఇంజను నాలుగు పెట్టెలతో ఎత్తు ఎక్కలేక, ఉన్నచోటే చక్రాలు తిప్పుతూ నిలబడిపోతుంది. చూసినవాళ్ళు వెంటనే తీర్పు చెప్పేస్తారు. ఒకరు మోటారు పోయిందంటారు, ఇంకొకరు ట్రాన్స్‌ఫార్మరు బలం చాలదంటారు, దిష్టి తగిలిందనేవారూ ఉంటారు. ఒక్క క్షణం ఆగి చూడండి. చక్రాలు తిరుగుతున్నాయి. అంటే కరెంటు అందుతోంది, మోటారు ఆ చక్రాలను తిప్పుతోంది. లోపం చక్రానికీ పట్టాకూ మధ్యే ఉండాలి. ఏ పనిముట్టూ ముట్టుకోకుండానే, కళ్ళెదుట ఉన్న సాక్ష్యంతో రెండు అనుమానాలు కొట్టేశాం.

ఇక్కడ సైన్సు చదివినవారు కూడా తడబడే చోటు ఒకటుంది. "బొమ్మ ఇంజను తేలిక, అందుకే జారుతుంది, అందుకే రబ్బరు కావాలి" అంటారు. వినడానికి బాగానే ఉంది. మన రైల్వేల డబ్ల్యూఏపీ-7 ఇంజను బరువు 123 టన్నులు. దాన్ని 87వ వంతుకు కుదిస్తే బరువు 87 ఘనం వంతున తగ్గి సుమారు 187 గ్రాములవుతుంది. కానీ వెనకున్న పెట్టెల బరువు కూడా అదే లెక్కన తగ్గుతుంది కదా! నిష్పత్తి మారనప్పుడు తేలిక అన్నది ఒక్కటే కారణం కాజాలదు. అసలు తేడా దారిలో ఉంది. బొమ్మ దారిలో 360 మిల్లీమీటర్ల వ్యాసార్ధపు మలుపులు మామూలే. 87తో హెచ్చిస్తే అది 31 మీటర్లు. మన బ్రాడ్‌గేజిలో అనుమతించే అతి బిగువైన మలుపు వ్యాసార్ధమే 175 మీటర్లు. ఎత్తుల విషయంలోనూ అంతే. వెనకనుంచి తోసే ఇంజన్లు కావలసిన కసారా ఘాటులో వాలు 37కు 1. ఇంట్లో వేసుకునే దారుల్లో అంతకన్నా నిటారు వాలు కూడా కనిపిస్తుంది. సైన్సు మాటల్లో చెప్పినంత మాత్రాన ప్రతి వివరణా సైన్సు కాదు. దాన్ని కూడా లెక్క కట్టి చూడాల్సిందే.

ఇక మార్చడం. పాత వలయాన్ని సూదితో పైకి లేపి తీయాలి. గాడిలోని మురికిని ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్దిన దూదిపుల్లతో తుడవాలి. కొత్త వలయం గాడి కన్నా కొద్దిగా చిన్నదై, సాగి బిగుతుగా కూర్చోవాలి. మందం ఎక్కువైతే చక్రం పెద్దదై ఇంజను ఎగుడుదిగుడుగా నడుస్తుంది. ఒక వైపు గాడిలో పెట్టి, మిగతాది చిన్న స్క్రూడ్రైవరుతో మెలిపడకుండా చుట్టూ ఎక్కించాలి. ఆవిరి ఇంజను నమూనా అయితే ముందు చక్రాలను కలిపే కడ్డీలు విప్పుకోవాలి. ఇది ఓపిక ఉన్న ఏ పిల్లవాడైనా, పిల్లయినా చేయగలిగిన పని.

అయితే పాఠం ఉన్నది మార్చడంలో కాదు, మార్చే ముందూ తర్వాతా కొలవడంలో. ఇంజను వెనక దారం కట్టి, దాన్ని బల్ల అంచున చిన్న కప్పీ మీదుగా వేలాడదీసి, చివర ఒక గిన్నె కట్టండి. ఒకే రకం రూపాయి నాణేలు ఒక్కొక్కటే వేయండి. ఎన్నో నాణేనికి చక్రం జారిందో రాసుకోండి. టైరు మార్చి మళ్ళీ లెక్కపెట్టండి. అనుమానముంటే పాత టైరు తొడిగి ఇంకోసారి చూడండి. ఒక్క షరతు. అదే పూట పట్టాలు తుడిచి, బరువు పెంచి, నూనె కూడా వేస్తే ఫలితం దేనివల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు. ఒకసారికి ఒకటే మార్పు.

ఈ షరతును రైలు బల్ల మీదనుంచి ఇంట్లోకి తీసుకురండి. బిడ్డకు జ్వరం వస్తుంది. డాక్టరు మాత్ర వేస్తారు, నాయనమ్మ తాయెత్తు కడుతుంది, మూడో రోజుకు జ్వరం తగ్గుతుంది. పేరు తాయెత్తుకు పోతుంది. కామెర్లకు పసరు పోయించుకున్న వారి కథా ఇంతే. వాటిలో చాలావాటికి పసరు లేకపోయినా తగ్గే గుణముంది. తగ్గనివారు ఆసుపత్రికి ఆలస్యంగా చేరతారు. ఆ ఆలస్యం ఖరీదు ఒక్కోసారి ప్రాణం. రోగిమీద మనం ప్రయోగాలు చేయనక్కర్లేదు. కానీ "దేనివల్ల తగ్గింది? అది లేకపోతే తగ్గేది కాదా?" అని అడిగే బుద్ధి బొమ్మ ఇంజను దగ్గర అలవడితే, జ్వరం దగ్గర కూడా పనిచేసే అవకాశముంది.

"మన మెకానిక్కులు రోజూ రిపేర్లు చేస్తారు, పూజలూ చేస్తారు, మరి వారికేమైంది?" అని అడగవచ్చు. సరైన ప్రశ్నే. చేతిపని వచ్చినంత మాత్రాన నమ్మకాలు రాలిపోవు. కానీ ఒకటి గమనించండి. కుంకుమ పెట్టిన మెకానిక్కు కూడా పూజ అయ్యాక స్పానరు పక్కన పడేయడు. బండి జారితే టైరే చూస్తాడు. కారణం మీద అతనికున్న ఆ భరోసాను షెడ్డు గడప దాటించడమే మన పని. ఆ పని అతన్ని వెక్కిరిస్తే కాదు, అతనితో కలిసి కూర్చుంటే అవుతుంది. బొమ్మ రైలు ఖరీదైనదంటారా? సైకిలు బ్రేకు కట్టలతోనూ ఇదే ప్రయోగం చేయవచ్చు.

శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుల బాధ్యత అని 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో రాసుకున్నాం. రాసుకోవడం సులువే, అలవాటు చేసుకోవడమే కష్టం. ఈసారి మన సంఘం బాలల శిబిరంలో ఒక ఉపన్యాసం తగ్గించి, ఆ గంటలో ఒక కప్పీ, దారం, గుప్పెడు నాణేలు పిల్లల ముందు పెడదాం.