కిటికీలోంచి వచ్చే వానకు లెక్క లేదు

పలాస నుంచి వజ్రపుకొత్తూరు, సంతబొమ్మాళి, కవిటి వైపు తీరం వెంబడి వాన నిలువుగా పడే రోజులు తక్కువ. సముద్రం మీది గాలి తోసుకొస్తే అది అడ్డంగా వచ్చి గోడను కొడుతుంది. పైన స్లాబు గట్టిగానే ఉండొచ్చు. అయినా ముసురు పట్టిన రెండో రోజుకి కిటికీ కింద గోడ నానుతుంది. మూడో రోజుకి నేల చెమ్మగిల్లుతుంది. మంచాన్ని ఆ గోడ నుంచి ఈ గోడకు జరుపుకోవాలి. ఒక్క గది ఇంట్లో దానికీ చోటుండదు.

కిడ్నీ జబ్బుతో ఉద్దానం అల్లాడుతుంటే కిటికీల గురించి మాట్లాడతారా అని అడిగేవాళ్లుంటారు. డయాలసిస్ చేయించుకుని ఇంటికొచ్చిన మనిషి పడుకునేది ఆ చెమ్మ గోడ పక్కనే కదా.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు మండలంలో తీరం దాటింది. గంటకు 140–150 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి కొబ్బరి, జీడి, పనస తోటలు నేలమట్టమయ్యాయి. చెట్లకు లెక్క కట్టారు, తోట యజమానులకు పరిహారం ఇచ్చారు. ఇవ్వాల్సిందే. కానీ తోటలు ఎక్కువగా దళితులవి కావు. వాళ్లకు అవి కూలి పని, పైగా ఊరికీ సముద్రానికీ మధ్య గాలిని ఆపే అడ్డు. ఆ అడ్డు పోయాక ఊరి చివర, పల్లంలో, పొలాల అంచున ఉన్న వాడలకు గాలి నేరుగా తగులుతోంది. మూడేళ్లు తిరగకుండానే, 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటింది.

ఇక ప్రభుత్వం నష్టాన్ని ఎలా కొలుస్తుందో చూద్దాం. విపత్తు సహాయ నిధి నుంచి ఎంతివ్వాలో కేంద్ర హోం శాఖ 2022–26 కాలానికి ఖరారు చేసింది. మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా కూలితే లక్షా 20 వేలు. పక్కా ఇల్లు కొంత దెబ్బతింటే 6,500, కచ్చా ఇల్లయితే 4,000. ఈ చివరి రెండింటికీ ఒక షరతు ఉంది: నష్టం కనీసం 15 శాతం ఉండాలి. కిటికీ చట్రం పక్క సందులోంచి నీళ్లు దిగే ఇల్లు ఏ ఉద్యోగి లెక్కలోనూ 15 శాతానికి చేరదు. పైగా అది ఒక్క తుపానుతో వచ్చిన నష్టం కాదు, ఏటా జరిగేదే. కాబట్టి అది విపత్తు కిందికి రాదు.

మరి గృహనిర్మాణ పథకం కిందికి వస్తుందా? 1985లో మొదలైన ఇందిరా ఆవాస్ యోజన తొలుత ఎస్సీ, ఎస్టీలకూ వెట్టి నుంచి విముక్తులైనవారికీ ఉద్దేశించింది. తరువాతి నిబంధనల్లో, కచ్చా ఇళ్లను బాగు చేసుకోవడానికి నిధుల్లో 20 శాతం వరకు వాడే వీలుండేది. 2016లో దాని స్థానంలో వచ్చిన గ్రామీణ ప్రధానమంత్రి ఆవాస్ యోజన దృష్టంతా కొత్త ఇళ్ల మీదే. ఒకసారి ఇల్లు వచ్చిన కుటుంబం ‘పక్కా’ జాబితాలో చేరిపోతుంది, ఆ ఇల్లు ఎంత కారినా సరే.

అసలు కొత్త ఇల్లే కిటికీ దగ్గర ఎందుకు ఓడిపోతుంది? 2020 డిసెంబరు 25న రాష్ట్రంలో మొదలైన కాలనీల్లో ఇంటికి ఇచ్చింది లక్షా 80 వేలు. అందులో 30 వేలు ఉపాధి హామీ నుంచి. స్థలం పల్లెలో సెంటున్నర, పట్టణంలో సెంటు. సెంటంటే 48 చదరపు గజాలు. గోడ సరిహద్దు మీదే లేస్తే సన్‌షేడ్ పక్కవాడి స్థలంలోకో వీధిలోకో పొడుచుకొస్తుంది. దాంతో దాన్ని కురచ చేస్తారు, లేదా మానేస్తారు. లింటెల్‌తో పాటు పోయని సన్‌షేడ్‌ను తరువాత అతికించడం కష్టం. డబ్బు చాలనప్పుడు కోత ముందు పడేది దీనిమీదే, ఎందుకంటే బిల్లు కోసం తీసే ఫొటోలో గోడా స్లాబూ కనబడితే చాలు. 2025 మార్చిలో అసంపూర్తి ఇళ్లకు అదనంగా ఎస్సీ, బీసీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. మంచిదే. పూర్తయినట్టు రాసేసి కారుతున్న ఇళ్లకు మాత్రం అది వర్తించదు.

మరమ్మతు పెద్ద విద్యేమీ కాదు. నీరు ఎక్కణ్ణుంచి వస్తోందో ముందు కనిపెట్టాలి. చాలాసార్లు చట్రానికీ గోడకీ మధ్య సందే దారి. కిటికీ కింది గట్టుకు బయటికి వాలు లేకపోతే నీరు అక్కడే నిలిచి లోపలికి దిగుతుంది. సన్‌షేడ్ అడుగున అంచు వెంబడి గాడి తియ్యకపోతే నీటిబొట్టు కింద పడదు, అడుగు పట్టుకుని గోడదాకా పాకుతుంది. ఇనుప చట్రాలదీ ఒక బాధ: ఉప్పుగాలికి తుప్పు పట్టి ఉబ్బి, చుట్టూ ఉన్న ప్లాస్టరింగును పగలగొడతాయి. లోపలివైపు సిమెంటు పూస్తే లాభం లేదు, గోడలో చేరిన నీరు మరోచోట తేలుతుంది. బయటివైపు వదులైన సిమెంటు గోకేసి, తుప్పు గీకి ప్రైమరు కొట్టి, గట్టుకు వాలు పెట్టి, సందులో సిలికాన్ నింపాలి. అదీ గోడ పూర్తిగా ఎండాకే. కిటికీకి ఒక మేస్త్రి, ఒకటి రెండు రోజుల పని. రోజు కూలీతో బతికే ఇంటికి ఆ రెండు రోజులే బరువు.

అందుకే జనం చేసేది వేరు. కిటికీకి పాత ఫ్లెక్సీ మేకులతో కొట్టేస్తారు (ఎన్నికలయ్యాక నాయకుల ముఖాలు ఈ విధంగానైనా అక్కరకొస్తాయి). లేదంటే ఇటుకలు పేర్చి మూసేస్తారు. వాన ఆగుతుంది, వెలుతురూ గాలీ కూడా ఆగిపోతాయి. పొయ్యి పొగ లోపలే తిరుగుతుంది, గోడ ఎండదు, బూజు పడుతుంది.

ఇక్కడ ఒక తీర్పును గుర్తు చేసుకోవాలి. ఉత్తరప్రదేశ్‌లో దళితుల ఇళ్ల కోసం జరిగిన భూసేకరణను సవాలు చేసిన చమేలీ సింగ్ కేసులో 1995 డిసెంబరులో సుప్రీంకోర్టు నివాస హక్కు అర్థాన్ని విడమరిచింది. తల మీద కప్పు ఉంటే సరిపోదని, సురక్షితమైన కట్టడం, తగిన వెలుతురు, మంచి గాలి అందులో భాగమని చెప్పింది. ఇటుకలతో మూసిన కిటికీ ఆ హక్కుకు నిలువునా అడ్డం.

బ్రిటన్‌లో 2020లో రాచ్‌డేల్ పట్టణంలో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల పసివాడు అద్దె ఇంట్లోని బూజు వల్ల చనిపోయాడు. ఇల్లు ఇచ్చిన సంస్థ మొదట ఆ కుటుంబం బతికే తీరునే తప్పుపట్టింది. ఈ మాట వాడల్లో మనకు కొత్త కాదు. తల్లిదండ్రుల పోరాటంతో చట్టం వచ్చింది. 2025 అక్టోబరు 27 నుంచి ఇంగ్లండ్‌లోని సామాజిక గృహాల్లో ప్రమాదకరమైన చెమ్మ, బూజుపై ఫిర్యాదు వస్తే యజమాని సంస్థ పది పనిదినాల్లో పరిశీలించాలి. అక్కడ ఇల్లు సంస్థది కాబట్టి బాధ్యత సంస్థది. ఇక్కడ పట్టా మన పేరున ఉంది కాబట్టి ‘మీ ఇల్లు, మీరే బాగు చేసుకోండి’ అంటారు. కానీ స్థలం ఎంతో, డబ్బు ఎంతో నిర్ణయించింది ప్రభుత్వమే. కురచ సన్‌షేడ్ ఆ నిర్ణయంలోంచే వచ్చింది.

నిధులకు దారి లేకపోలేదు. 2013 నాటి ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళిక చట్టాన్ని 2023లో మరో పదేళ్లు పొడిగించారు. అందరికీ వర్తించే పథకాల ఖర్చును ఉప ప్రణాళిక పద్దులో చూపడంపై మనం ఏళ్లుగా గొడవ పడుతున్నాం. వాడల్లో ఇళ్ల మరమ్మతు అలాంటిది కాదు. వాడకే చెందిన పని, నేరుగా దళిత కుటుంబానికి చేరే ఖర్చు. తీర మండలాలకు మరమ్మతు పద్దు ఒకటి విడిగా అడగాలి. కొత్త ఇళ్లకు లింటెల్ దశ బిల్లు ఇచ్చేముందు సన్‌షేడ్‌ను కొలవాలనీ అడగాలి.

గోడలు ఎండి ఉండేది వేసవిలోనే. పని అప్పుడు జరగాలంటే అర్జీ అంతకు ముందే గ్రామసభకు చేరాలి. దానికి జోడించాల్సిన ఫొటోలు మాత్రం వేసవిలో దొరకవు. ముసురు పట్టిన రోజున, లోపలి నుంచి, కిటికీ కింది గోడా నేలా కలిసి కనబడేలా తీసి, తేదీ, ఇంటి నంబరు రాసి పెట్టుకోవాలి.