కీమో మన దగ్గరికి రావాలె, గుడిసెల వదిలేసి పోవుడు కాదు



మా పెద్దమ్మకు రొమ్ము క్యాన్సర్. ఆరు కీమోలు రాసిన్రు, మూడు కాంగనే పోవుడు బంద్ చేసింది. మందుకు పైసలు లేక కాదు, అది ఆరోగ్యశ్రీ కట్టింది. కానీ పెంట నుంచి మన్ననూరుకు ఆటో, అక్కడి నుంచి హైదరాబాద్‌కు నూరు కిలోమీటర్లు దాటిన బస్సు ప్రయాణం, మూడు వారాలకోసారి ఇద్దరి కూలి పోవుడు, వచ్చేటప్పుడు బస్సుల వాంతులు. "సచ్చినా ఇంటికాడనే సస్త బిడ్డా" అన్నది.

2007ల ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాలల్ల మన పాలమూరు ఒకటి. కార్డు ముందే వచ్చింది. కీమో కోసం మాత్రం పెద్దమ్మ పట్నమే పోవాల్సి వచ్చింది.

బ్రిటన్, ఆస్ట్రేలియాలల్ల నర్సులు ఇంటికొచ్చి కొన్ని కీమో మందులు ఇస్తరు. మనకెందుకు ఇయ్యరని నేనూ కొట్లాడిన. ఒక నర్సమ్మ చెప్పినంక ఆలోచనల పడ్డ. కొన్ని మందులు నరం బయటికి కారితే చర్మం, కండ పాడైతయి. మొదటి డోసుకే ఊపిరాడకపోవచ్చు. వారం, పది రోజులకు తెల్ల రక్తకణాలు పడిపోతయి. అప్పుడు జ్వరం 100.4 డిగ్రీలు దాటితే గంటలల్లనే ప్రాణం మీదికొస్తది. రోగి మూత్రం, వాంతులల్ల గూడ రెండు రోజుల దాకా మందు ఉంటది. పిల్లాజెల్లా ఒక్క అర్రల పండుకునే గుడిసెల, ఫోన్ సిగ్నల్ లేని పెంటల, అర్ధరాత్రి ఎవరిని పిలుస్తం?

అందుకే మనం అడగాల్సింది గుడిసెల సెలైన్ కాదు, దగ్గర్ల వైద్యం. అన్ని జిల్లా ఆసుపత్రులల్ల మూడేండ్లల్ల డే-కేర్ క్యాన్సర్ సెంటర్లు పెడ్తమని 2025 కేంద్ర బడ్జెట్‌ల చెప్పిన్రు. అవి మన జిల్లాలల్ల ఉత్త బోర్డులు కావొద్దు. మొదటి డోసు పెద్దాసుపత్రిలనే ఇయ్యాలె. తర్వాతి డోసులు డాక్టర్ సరే అంటే జిల్లాలనే, అచ్చంపేట, దేవరకొండ దాకా రావాలె. కెపెసిటబిన్ లాంటి మాత్రలు ఇంటికే ఇయ్యాలె, కానీ రక్తపరీక్ష చూసినంకనే, ఏఎన్‌ఎం అక్క కనిపెట్టుకుంట. జ్వరమొస్తే అంబులెన్స్ అడవి గేటు కాడ నిమిషం ఆగొద్దు. రోగికి, తోడుకు బస్సు కిరాయి, పోయిన కూలి ఇయ్యాలె.

చదువుకున్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! మీ పెంటల, మీ తండాల వైద్యం నడుమల ఆపినోళ్లు ఎందరున్నరో, ఎందుకు ఆపిన్రో అడిగి లెక్క రాయుండ్రి. పేర్లు ఫేస్‌బుక్‌ల పెట్టకుండ్రి. ఆ లెక్క పట్టుకొని మన్ననూరు ఐటీడీఏ కాడికి, జిల్లా కలెక్టర్ కాడికి పోదాం.

పెద్దమ్మకు ఇంకా మూడు కీమోలు మిగిలున్నయి. పోదాం పా అని రోజూ బతిమాలుతున్న. "అచ్చంపేటల ఇస్తరా చెప్పు, రేపే వస్త" అంటది. ఆమెకు నేనేం చెప్పాలె?