బైసికిలువాని సాక్ష్యము

తెల్లవారుజామున బైసికిలెక్కి బయలుదేరు యువకుని రొమ్మునకో, శిరస్త్రాణమునకో అగ్గిపెట్టెయంత కెమెరా తగిలించియుండుట యిప్పుడు మన పట్టణములలో వింత గాదు. వాని జేబులోని ఫోను ఉపగ్రహముల సంకేతముల నందుకొని, వాడు ఏ క్షణమున నెచ్చట నున్నాడో, ఎంత వేగమున బోవుచున్నాడో వ్రాసికొనుచుండును. దీనిని జూచి కొందరు నవ్వుచున్నారు. "తొక్కేది రెండు మైళ్లు, తీసేది సినిమా" యని కాఫీ హోటళ్లలో పరిహాసమాడుచున్నారు. మరికొందరు ఠాణా మెట్లమీదనే యట్టివానిని నిలిపి, వాని చిత్రము తమ కక్కరలేదని త్రిప్పి పంపుచున్నారు. నవ్వువారితో మాకు తగవు లేదు. త్రిప్పి పంపువారితో గలదు. ఈ సాధనమును చేతబట్టియు దాని విలువ నెరుగని మన యువకులతో అంతకంటె నెక్కువ గలదు.

ముందుగా లెక్క చెప్పుదము. 2022వ సంవత్సరమున మన దేశపు రోడ్లమీద 1,68,491 మంది మరణించిరని కేంద్ర రవాణా శాఖవారే ప్రకటించిరి. అందులో 30,486 మంది, గుద్దిన బండి ఆగకుండ పారిపోయిన ప్రమాదములలో పోయినవారు. చట్టము ఇచ్చట నొక కఠినమైన గీత గీచినది. బండి యేదో తెలిసినచో మృతుని కుటుంబము మోటారు వాహనముల చట్టము 166వ సెక్షను క్రింద ట్రిబ్యునలు నాశ్రయింపవచ్చును. అతని వయస్సును, ఆదాయమును, అతనిపై నాధారపడినవారి సంఖ్యను లెక్కించి న్యాయమైన పరిహారము నిర్ణయింతురు. బండి యేదో తెలియనిచో 161వ సెక్షను పథకమే గతి: 2022 ఏప్రిలు 1 నుండి మరణమునకు 2 లక్షల రూపాయలు, తీవ్రమైన గాయమునకు 50 వేలు. పోయినవాడు ముప్పదియేండ్లవాడైనను, నలుగురు బిడ్డల తండ్రియైనను అంతే. ఈ రెండు దారులకు నడుమ నున్న భేదము ఒక నంబరు పలక మాత్రమే.

మేము న్యాయవాద వృత్తిలో నున్నవారము, కన్నది చెప్పుచున్నాము. కొన్నియేండ్ల క్రిందట మా పట్టణమునకు బైసికిలుమీద పాలు తెచ్చు నొక రైతును వేకువజామున ఏదో బండి గుద్దిపోయెను. లారీ యని యొకడు, వ్యాను అని యొకడు చెప్పిరి. నంబరు చెప్పినవాడు లేడు. అతని భార్య కాగితములు పట్టుకొని మా గది గుమ్మమున నిలిచి, "అయ్యా, ఆ రోడ్డు మీద అంతమంది పోతా ఉంటారే, ఒక్కరూ నంబరు చూడలేదా అండీ?" అని యడిగెను. దానికి మావద్ద చట్టములో సమాధానము లేదు. పథకము ప్రకారము రావలసినది వచ్చెను. దానితో కేసు ముగిసెను, ఆమె కష్టము మాత్రము ముగియలేదు. నాటినుండి బైసికిలుపై కెమెరాను జూచి నవ్వుట మాకు చేతగాలేదు.

మోటారులో బోవువానికి ఇనుప గోడలు గలవు, బీమా గలదు, పలుకుబడియు తరచుగా గలదు. బైసికిలువానికి తన రెండు కాళ్లు తప్ప వేరు రక్షణ లేదు. పడిపోయినవాడు మాటాడలేడు, మాటాడగలవాడు పారిపోయినవాడే. అట్టిచోట కెమెరా యేమి చేయును? బండి రంగు, నంబరు, వచ్చిన తీరు పట్టియుంచును. ఫోను ఏమి చేయును? స్థలమును, కాలమును చెప్పును. ఉపగ్రహములలోని పరమాణు గడియారముల ననుసరించి ఫోను కాలమును గుర్తించును గనుక, కెమెరా గడియారము తప్పినను దానిని సరిచూచుకొన వీలగును. ఒకటి కన్ను, మరియొకటి గడియారము. రెండును కలిసినప్పుడే పూర్తి సాక్ష్యము.

అయితే ఈ సాక్షికిని లోపములు గలవు. దాచుట న్యాయవాది లక్షణము గావచ్చును గాని పత్రికా లక్షణము గాదు. ఇట్టి కెమెరాల విశాలమైన కటకము దగ్గరి వస్తువును దూరముగా జూపును. మోచేతిని రాచుకొని పోయిన బస్సు చిత్రములో బారెడు దూరమున బోయినట్లు కనబడును. ఆరుబయట కొలది మీటర్ల తేడాతో స్థలము చెప్పు ఫోను, ఎత్తయిన మేడల నడుమ సంకేతములు గోడలకు దగిలి మరలుటచే తడబడును. కావున చిత్రమొక్కటే వేదవాక్కని మేము చెప్పము. మనుష్య సాక్షిని ప్రశ్నించినట్లే దీనిని ప్రశ్నింపుడు. అసలు లోనికి రానీయకుండ తలుపు మూయకుడని మాత్రమే మా వాదము.

తలుపు మూయుటకు చట్టము చాటు లేదు. ఎలక్ట్రానిక్ దాఖలాల ప్రతిని సాక్ష్యముగా నిచ్చునపుడు ధ్రువపత్రము తప్పదని సుప్రీంకోర్టు 2014లో అన్వర్ కేసున జెప్పెను. 2020లో అర్జున్ పండిత్‌రావు కేసున దానిని స్థిరపరచుచు, మూలయంత్రమునే యజమాని కోర్టులో నిలిచి దాఖలు చేసినచో ఆ పత్రమక్కరలేదని వివరించెను. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను ధ్రువపత్రమునకు నమూనా నిచ్చినది. అందొక భాగము దాఖలా తెచ్చినవాడు, రెండవ భాగము నిపుణుడు పూరింపవలయును. దస్త్రమునకు వ్రేలిముద్రవంటిదగు హ్యాష్ విలువ వ్రాయవలయును. ఇంత స్పష్టముగా మార్గము వేసియుండగా, ఠాణా గుమ్మముకడ నొక జవాను "ఇవి చెల్లవు" అని తీర్పు చెప్పుటకు వానికి అధికారమిచ్చినదెవరు? చెల్లునో చెల్లదో చెప్పవలసినది న్యాయాధిపతి.

వేరొక దేశమును జూడుడు. బ్రిటనులోని వేల్సు పోలీసులు 2016-17 ప్రాంతమున నొక యేర్పాటు చేసిరి. బైసికిలువాడు గాని, మోటారువాడు గాని తన కెమెరాలోని చిత్రమును ఇంటినుండియే పంపవచ్చును. పోలీసులు పరిశీలించి, తప్పు కనబడిన డ్రైవరుపై చర్య తీసికొందురు. పిమ్మట ఇంగ్లండులోని పెక్కు జిల్లాల పోలీసులును ఆ మార్గమును బట్టిరి. అక్కడి పౌరుని కెమెరా చెల్లి, ఇక్కడి పౌరుని కెమెరా చెల్లకపోవుటకు కారణము కటకములో లేదు. పుచ్చుకొను చేతిలో నున్నది. మన జిల్లాలలో చిత్రమును పుచ్చుకొని, రసీదిచ్చి, చర్య తీసికొన్నదియు లేనిదియు తెలుపు ఏర్పాటు చేయుట అసాధ్యమా?

ఇక ఆక్షేపణలు. శిరస్త్రాణమునకు కెమెరా తగిలించుట ప్రమాదకరమని కేరళ రవాణా శాఖ 2022లో మోటారు సైకిళ్లవారిపై నిషేధము ప్రకటించెను. శిరస్త్రాణము తలను గాచుటకే గాని బరువులు మోయుటకు గాదను మాట మాకును సమ్మతమే. కెమెరాను రొమ్మునకు గాని, బైసికిలు కొమ్ములకు గాని కట్టుకొనుడు, వాదము తీరిపోవును. రెండవ ఆక్షేపణ బరువైనది: దారిన బోవువారి ముఖములను వారి యనుమతి లేక పట్టుట తగునా? ఏకాంతము ప్రాథమిక హక్కని తొమ్మిదిమంది న్యాయమూర్తులు 2017లో జెప్పియున్నారు. మా యుత్తరమిది: ఆపద వచ్చిననాడు విప్పుటకై దాచియుంచినది సాక్ష్యము, ఆపద లేకయే పదిమందికి జూపునది ప్రదర్శనము. మొదటిదానిని మేము సమర్థింతుము. రెండవదానిని సమర్థింపము.

ఇచ్చట మన యువకులతో మా తగవు. పాలబూతు ముందర నిలిచిన స్త్రీలు, బడికి బోవు పిల్లలు, పొరపాటున అడ్డమువచ్చి తిట్లు తిన్న ముసలివాడు—వీరందరి ముఖములను సాయంకాలమునకు లోకమునకు జూపి మెప్పు లెక్కించుకొనుట ఏమి పౌరుషము? బలహీనునికి రక్షణగా వచ్చిన సాధనము నతనికంటె బలహీనునిమీద ప్రయోగించుట గాదా?

తమ జాడను సయితము వీరు తామే చాటుచున్నారు. స్ట్రావా యను అమెరికా కంపెనీ తన చందాదారుల దారులన్నియు గలిపి 2017 నవంబరులో నొక ప్రపంచ పటము ప్రచురించెను. 2018 జనవరిలో దానిని జూచినవారికి, సిరియా, ఆఫ్ఘనిస్థానముల యెడారి చీకటిలో సైనిక శిబిరముల రూపురేఖలు వెలుగుగీతలై కనబడెను. వ్యాయామమునకై పరుగెత్తిన సైనికులే తమ కోటను శత్రువునకు గీచి యిచ్చిరి! 2024 అక్టోబరులో ఫ్రాన్సు దేశపు "ల మోంద్" పత్రిక, దేశాధినేతల అంగరక్షకుల జాడలు సయిత మీ మార్గముననే తెలియవచ్చునని చూపెను. కోటకే రక్షణ లేనప్పుడు మన పెంకుటింటి మాట యేమి? ప్రతిదినము ఐదుగంటలకు మీ గుమ్మమున మొదలై ఏడుగంటలకు మీ గుమ్మముననే ముగియు గీత, ఇల్లెప్పుడు వట్టిదగునో దొంగకు జెప్పును. ఒంటరిగా బోవు స్త్రీ యే మలుపున నెప్పుడుండునో దుర్మార్గునికి జెప్పును.

కావున మా మాట యిది. కెమెరా కట్టుకొనుడు, జాడను వ్రాసికొనుడు. గడియారములు రెండును సరిచూచుకొనుడు. జాడ ఫోనులోనే యుండనిండు. కంపెనీ కప్పగింపవలసివచ్చినచో ఇంటి పరిసరములను మరుగుపరచుడు. ఏమియు జరుగని దినమున చిత్రమును చెరిపివేయుడు. జరిగిన దినమున దానిని కత్తిరింపక, మెరుగులు దిద్దక, మూలపు చిప్పును భద్రపరచి ఠాణాకు గొనిపొండు. అది మీ ప్రమాదమే కానక్కరలేదు; మీ కన్నుల యెదుట మరియొకడు పడినను, ఆ నంబరు వాని బిడ్డల అన్నము.

పోలీసు అధికారులకును ఒక్క మాట. నంబరు చూచినవాడు లేడని ఫైళ్లు మూయు కాలము పోవుచున్నది. ఇప్పుడు చూచినవాడు మీ గుమ్మమున నిలిచియున్నాడు. వానిని లోపలికి రానిండు. నాడు మా గది గుమ్మమున నిలిచిన యా యిల్లాలి ప్రశ్నకు ఇకనైన సమాధానము దొరకనిండు.